రేపటి సంది పక్కా

హైదరాబాద్‌లో మూసారాంబాగ్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో లైనుకు అటూ ఇటూ ఉన్న హాస్టళ్లలో, నలుగురు కలిసి తీసుకున్న రూముల్లో ఉంటూ గ్రూప్స్‌కో, ఎస్సైకో, డీఎస్సీకో తయారవుతున్న తమ్ముళ్ల కోసం, చెల్లెళ్ల కోసం ఈ చిట్కాలు రాస్తున్నాను. బరువు తగ్గాలనుకునేవాళ్లు, ఇంగ్లీషు నేర్చుకోవాలనుకునేవాళ్లు, సిగరెట్టు మానాలనుకునేవాళ్లు కూడా వాడుకోవచ్చు. సూత్రం ఒకటే.

తీర్మానం చేయడం ఎవరికైనా చేతనవుతుంది. దాన్ని నెరవేర్చకుండా, అలాగని వదిలేయకుండా, ఏళ్ల తరబడి పచ్చగా ఉంచుకోవడమే విద్య. నెరవేరిన తీర్మానం ఆ రోజుతో సరి. నెరవేరనిది ప్రతి ఏడాదీ కొత్తగా మన దగ్గరికొస్తుంది. ఇది తెలియక ఎంతోమంది బంగారంలాంటి పిల్లలు పాడైపోయారు. రోజుకు నాలుగు పేజీలు చదువుకుంటూ, ఎవరికీ చెప్పకుండా, 2023 జులై 1న పోయి గ్రూప్-4 రాసొచ్చారు. ఇప్పుడు ఏ మున్సిపల్ ఆఫీసులోనో, ఏ తాసీల్దారు ఆఫీసులోనో పొద్దున్నే వచ్చి ఫైళ్లు కడుతున్నారు. వాళ్లకు మధ్యాహ్నం నిద్ర లేదు, చైతన్యపురి చాయ్ లేదు. తలుచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. మీకా గతి పట్టకూడదు.

ఏనుగు లక్ష్మణకవి తెనిగించిన భర్తృహరి సుభాషితాల్లో మూడు రకాల మనుషుల సంగతి బళ్లో చదివే ఉంటారు. ఆటంకాలకు జడిసి అసలు మొదలే పెట్టనివాడు అధముడు. మొదలుపెట్టి, అడ్డు రాగానే ఆపేసేవాడు మధ్యముడు. ఎన్ని అడ్డొచ్చినా వదలనివాడు ఉత్తముడు. మీ గురి మధ్యముడి మీదే ఉండాలి. అధముడికి మొదలుపెట్టిన సంబరం దక్కదు, ఉత్తముడికి ఆపేసిన సుఖం దక్కదు. రెండూ అనుభవించేది మధ్యముడొక్కడే.

1. లక్ష్యం పెద్దదే పెట్టుకోండి, చిన్నది ముట్టుకోకండి.

“డిప్యూటీ కలెక్టర్ అవుతా” అని రాసుకోండి. “ఇవాళ ఆరు పేజీలు చదువుతా” అని పొరపాటున కూడా రాయకండి. ఆరు పేజీలు ఎంత ప్రమాదమో చెబుతాను. ఆల్బర్ట్ బాండురా, డేల్ షుంక్ అనే ఇద్దరు పండితులు 1981లో ఒక ప్రయోగం అచ్చు వేశారు. లెక్కల్లో వెనకబడిన పిల్లలకు తీసివేతల పాఠాలు 42 పేజీలు ఇచ్చారు, ఏడు పూటలు గడువిచ్చారు. కొందరికి “పూటకు ఆరు పేజీలు చేయండి” అన్నారు. కొందరికి “ఏడో పూట అయ్యేసరికి 42 పేజీలూ కావాలి” అన్నారు. పని ఒకటే, గడువూ ఒకటే. కానీ ఆరు పేజీల పిల్లలు గబగబా నేర్చుకున్నారు, సరైన జవాబులు ఎక్కువ రాశారు. అంతటితో ఆగలేదు, వాళ్లకు లెక్కలంటే ఇష్టం పుట్టింది. ఒకసారి ఇష్టం పుట్టిందా, మనిషి ఇక మన చేతుల్లో ఉండడు.

అందుకని గ్రూప్-2 సిలబస్ మొత్తాన్ని ఒకేసారి ముందేసుకోండి. నాలుగు పేపర్లు, ఒక్కో దాంట్లో 150 ప్రశ్నలు, మొత్తం ఆరువందల మార్కులు. చరిత్ర, రాజ్యాంగం, సమాజం, ఆర్థిక వ్యవస్థ, తెలంగాణ ఉద్యమం, వీటికి తోడు జనరల్ స్టడీస్. అన్నీ ఒక్క కాగితం మీద రాసి, ఆ కాగితాన్ని మంచానికి ఎదురుగా గోడకు అంటించి, పడుకుని చూడండి. పది నిమిషాల్లో కాళ్లూ చేతులూ చల్లబడతాయి. అప్పుడు దుప్పటి కప్పుకోవచ్చు.

2. మంచి రోజు చూసి మొదలుపెట్టండి.

ఇవాళ ఎప్పుడూ మంచి రోజు కాదు. జనవరి 1 బాగుంటుంది గానీ అది సోమవారం పడకపోతే వచ్చే సోమవారం దాకా ఆగాలి. సోమవారం తప్పితే గురువారం మంచిది. దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడిలో దండం పెట్టుకుని మొదలుపెడదామనుకోండి. గురువారం గుడి దగ్గర ఎంత జనముంటారో మీకు తెలుసు, బయటపడేసరికి పొద్దెక్కుతుంది. ఈలోగా సంక్రాంతి వస్తుంది, ఊరికి పోవాలి. శివరాత్రికి జాగారం, మర్నాడు నిద్ర. ఉగాదికి పంచాంగ శ్రవణం. మీ రాశికి ఆదాయం కన్నా వ్యయం ఎక్కువుంటే ఆ ఏడాది పుస్తకాలు కొనకండి. రాజపూజ్యం కన్నా అవమానం ఎక్కువుంటే పరీక్షే రాయకండి. ఆషాఢంలో బోనాలు, శ్రావణంలో చుట్టాల పెళ్లిళ్లు.

వినాయక చవితికి మాత్రం ఊరికి పోవద్దు. బాలాపూర్ మనకు పక్కనే. అక్కడి లడ్డూ వేలం 1994లో 450 రూపాయలతో మొదలై, 2024కు ముప్పై లక్షలు దాటింది. ఇంత దగ్గరున్నవాళ్లు దాన్ని చూడకుండా రూములో కూర్చుంటే ఎట్లా? చిన్న మొత్తం ఏడాదికేడాది పెరుగుతూ పోతే ఎంతవుతుందో అక్కడ అందరూ నోళ్లు తెరిచి చూస్తారు. మీరూ చూడండి. ఆ లెక్కను ఇంటికి తెచ్చి చదువుకు వర్తింపజేయకుండా ఉంటే చాలు.

నిమజ్జనం అయ్యాక పెత్రమాస, సద్దుల బతుకమ్మ, దసరా, దీపావళి. కార్తీకంలో వనభోజనాలు. ఆ తర్వాత డిసెంబర్. డిసెంబర్‌లో ఎవరైనా మొదలుపెడతారా? నెల ఆగితే జనవరి 1 వస్తుంటే?

3. ఏ టైముకు, ఎక్కడ అన్నది తేల్చకండి.

“వీలు చూసుకుని చదువుతా” అన్నది బంగారు మాట. దీనికి వ్యతిరేకంగా పనిచేసేవాళ్లు లోకంలో ఉన్నారు. పీటర్ గాల్విట్జర్ అనే జర్మన్ మనస్తత్వవేత్త వాళ్లలో ముఖ్యుడు. ఫలానా టైము కాగానే, ఫలానా చోట, ఫలానా పని చేస్తా అని ముందే అనుకుంటే చాలంటాడు. ఆయన మాట పట్టుకుని 2002లో సారా మిల్న్, మరో ఇద్దరు బ్రిటన్‌లో కాలేజీ పిల్లల మీద పరీక్ష చేశారు. వారానికి ఒక్కసారైనా ఇరవై నిమిషాలు వ్యాయామం చేయాలి, అంతే. మామూలుగా వదిలేసిన వాళ్లలో 38 శాతం చేశారు. వ్యాయామం గుండెకు ఎంత మంచిదో చెప్పి ఊదరగొట్టిన వాళ్లలో 35 శాతం చేశారు. ఏ రోజు, ఏ టైముకు, ఎక్కడ చేస్తారో ఒక కాగితం మీద రాయించిన వాళ్లలో మాత్రం 91 శాతం చేసేశారు.

ఇందులోంచి రెండు సంగతులు తీసుకోండి. ఒకటి, కాగితం మీద టైము, చోటు రాయకండి. రెండు, స్ఫూర్తి వీడియోలు ఎన్నయినా చూడండి, వాటివల్ల భయమేమీ లేదు. అర్ధరాత్రి దాకా చూడండి. కళ్లు చెమ్మగిల్లేలా చూడండి. ఆ పట్టుదలతో పడుకుంటే పొద్దున పదింటిదాకా మెలకువ రాదు.

4. టైంటేబుల్ మాత్రం వేయండి.

పై చిట్కాకు ఇది విరుద్ధమని కంగారుపడకండి. మీరు చేయగలిగే టైంటేబుల్ వేస్తేనే ముప్పు. నాలుగింటికి లేవడం, నాలుగుంబావుకు ధ్యానం, నాలుగున్నర నుంచి పద్నాలుగు గంటలు చదువు, మధ్యలో అన్నానికి పది నిమిషాలు అని వేయండి. ఆరు రంగుల స్కెచ్ పెన్నులు వాడండి. స్కేలు లేకుండా గీతలు గీయకండి. వంకర పోతే కొత్త చార్టు తెచ్చుకోండి. ఒక టైంటేబుల్‌కు ఒక పూట పడుతుంది, అది చదివిన పూటతో సమానం.

5. మెటీరియల్ సేకరించండి. ఇది మానకండి, ఇది ప్రాణం.

కోఠికి పోయి పాత పుస్తకాలు తేవాలి. తెలుగు అకాడమీ పుస్తకాలు తేవాలి. ఒక కోచింగ్ వాళ్ల నోట్సు తెచ్చాక, పక్క కోచింగ్ వాళ్ల నోట్సు ఇంకా బాగుందని ఎవరో ఒకరు చెబుతారు, అదీ తేవాలి. టెలిగ్రామ్ గ్రూపుల్లో వచ్చే పీడీఎఫ్‌లన్నీ ఫోన్లో దించుకోవాలి. ఫోన్ నిండిపోయిందంటే సిలబస్ పూర్తయినట్టే లెక్క. చదవడం ఎప్పుడని అడిగేవాడితో స్నేహం తెంచుకోండి.

కొన్న ప్రతి పుస్తకాన్నీ మొదటి పేజీ నుంచే మొదలుపెట్టండి. మధ్యలో ఆపితే, తిరిగి ఆపినచోట అందుకోకండి. మళ్లీ మొదటి పేజీకే రండి. ఈ ఒక్క పద్ధతి పట్టుకుంటే చాలు, ఏళ్లు గడిచిపోతాయి. తెలంగాణ చరిత్రను శాతవాహనులతో మొదలుపెట్టి కోటిలింగాల, ధూళికట్ట తవ్వకాల దగ్గర ఆపండి. వచ్చే జనవరిలో మళ్లీ కోటిలింగాల. కాకతీయుల దాకా పోయారంటే వేగం ఎక్కువైందని అర్థం. అసఫ్‌జాహీల మొహం చూడకండి. రాజ్యాంగంలో పీఠికను కంఠతా పట్టండి. పంచాయతీరాజ్‌కు సంబంధించిన 73వ సవరణ ఎక్కడో వెనకుంటుంది, దాన్ని అక్కడే ఉండనివ్వండి.

గ్రూప్-2 నాలుగో పేపర్ ఈ పద్ధతికి బాగా అనువైనది. అందులో తెలంగాణ ఉద్యమాన్ని మూడు దశలుగా పెట్టారు: 1948 నుంచి 1970, 1971 నుంచి 1990, 1991 నుంచి 2014. మీరు మొదటి దశలో ఆరితేరండి. ముల్కీ నిబంధనలు, 1952 ఆందోళన, సిటీ కాలేజీ దగ్గర కాల్పులు, 1956 పెద్దమనుషుల ఒప్పందం. వీటి మీద చాయ్ దుకాణంలో ఎవరు నోరెత్తినా మీరే గెలవాలి. 1969 ఉద్యమం మధ్యకు వచ్చేసరికి అలసట వస్తుంది, పుస్తకం మూసేయండి. రెండో దశలో 1973 ఆరు సూత్రాల పథకం ఉంది, 1985 నాటి 610 జీవో ఉంది. అటు తొంగిచూడకండి. ఇట్లా పదేళ్లు చదివితే పుస్తకంలో మొదటి ముప్పై పేజీలు చమురు మరకలతో నల్లబడతాయి, మిగతాది దుకాణంలో ఉన్నంత తెల్లగా ఉంటుంది. తెలంగాణ 2014 జూన్ 2న వచ్చింది. మీ పుస్తకంలో ఇంకా రానక్కర్లేదు.

6. ఒక్క రోజు తప్పిందంటే అంతా తప్పినట్టే.

ఈ చిట్కా సరిగ్గా పట్టుకోనివాళ్లు చాలామంది మళ్లీ దారిలో పడిపోయారు, అందుకే కాస్త వివరంగా చెబుతాను. జనవరి 9న చదవలేదనుకోండి. 10న పుస్తకం తీయకూడదు. “చెయిన్ తెగిపోయింది” అని గట్టిగా అనుకోవాలి. మంచం మీద కూర్చుని నిన్నటి గురించి బాధపడాలి. బాధపడటానికి ఒక రోజు పడుతుంది కాబట్టి 10 కూడా పోతుంది. 11న రెండు రోజులు పోయాయన్న బాధ రెట్టింపవుతుంది. వారం తిరిగేసరికి “ఈ ఏడాది మనది కాదు” అన్న నిశ్చింత వస్తుంది. ఆ నిశ్చింత వచ్చాక డిసెంబర్ దాకా ఎవరూ మిమ్మల్ని కదిలించలేరు.

ఇక్కడ మిమ్మల్ని ఒక పరిశోధన నుంచి కాపాడాలి. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ అనే ఆవిడ, తోటివాళ్లతో కలిసి 96 మందిని గమనించింది. ఒక చిన్న పనిని రోజూ చేస్తుంటే అది అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టిందట. కొందరికి 18 రోజుల్లోనే వచ్చేసింది, కొందరికి 254 దాకా పడుతుందని లెక్క తేలింది. మధ్యలో ఒక రోజు తప్పితే అలవాటు చెడిపోలేదని కూడా ఆమె తేల్చింది. ఈ చివరి మాట ఎవరి చెవినా పడనివ్వకండి. తప్పిన మర్నాడు మామూలుగా పుస్తకం తీసి కూర్చోవచ్చని తెలిస్తే మన హాస్టళ్లు సగం ఖాళీ అవుతాయి.

రూమ్మేట్ ఎవడైనా “నిన్న పోతే పోయింది తియ్ అన్నా, ఇయ్యాల రెండు పేజీలు చదువుదాం పట్టు” అన్నాడనుకోండి. వాడితో ఒక సినిమాకు పోండి. టికెట్ మీరే కొనండి. ఖర్చుకు వెనకాడే సమయం కాదది.

7. తీర్మానాన్ని “చేయను” అన్న మాటతో ముగించండి.

“రాత్రి ఫోన్ చూడను”, “మిర్చి బజ్జీ తినను”, “మధ్యాహ్నం పడుకోను”. ఇట్లా పెట్టుకుంటే రోజంతా ఫోను, బజ్జీ, పరుపు తప్ప మరోటి మనసులోకి రాదు. స్వీడన్‌లో వెయ్యిమందికి పైగా మనుషుల కొత్త సంవత్సరం తీర్మానాలను ఏడాది పాటు గమనించి 2020లో ఫలితాలు అచ్చు వేశారు. “ఇది చేస్తాను” అనుకున్నవాళ్లలో దాదాపు 59 శాతం, “ఇది మానేస్తాను” అనుకున్నవాళ్లలో 47 శాతం నిలబడ్డామని చెప్పారు. తేడా పన్నెండు శాతమే అయినా ఊరికే వచ్చేదాన్ని వదులుకోవడమెందుకు? “ఫోన్ చూడను” అనే రాసుకోండి. “తొమ్మిదింటికి ఫోన్ అటక మీద పెట్టి పుస్తకం తీస్తా” అని రాస్తే ఆ పన్నెండు శాతం చేజారుతుంది.

8. అందరికీ చెప్పండి.

తీర్మానం చేసిన గంటలోపల వాట్సాప్ స్టేటస్ పెట్టండి. వెనకాల పులి బొమ్మ ఉండాలి. ఊళ్లో మేనమామకు ఫోన్ చేయండి. బావలకు, మరదళ్లకు చెప్పండి. హాస్టల్ వాచ్‌మన్‌కు చెప్పండి. రెండు రోజుల్లో అందరూ “కలెక్టర్ సాబ్, బువ్వ తిన్నవా?” అని పిలవడం మొదలుపెడతారు. కలెక్టర్‌కు దక్కే మర్యాదలో పైపై మీగడంతా మీకు పరీక్ష రాయకముందే దక్కింది, ఇక రాయడమెందుకు? పైన చెప్పిన గాల్విట్జర్ బృందమే 2009లో ఈ సంగతి కనిపెట్టింది. లాయర్లు కావాలనుకునే విద్యార్థులు తమ ఉద్దేశాన్ని ఇంకొకరు చూశారని తెలిసినప్పుడు తర్వాత చేసే కృషి తగ్గించేశారు. ఆయన పనిలో మనకు పనికొచ్చేది ఇదొక్కటే, కళ్లకద్దుకుని తీసుకోండి.

9. పోలీసు ఉద్యోగానికి తయారయ్యేవాళ్లు ముందు బూట్లు కొనండి.

2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లకు 1600 మీటర్ల పరుగు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో ముగించాలని పెట్టారు. మొదటి రోజే విక్టోరియా మెమోరియల్ హోమ్ గ్రౌండ్‌కు పోయి ఆ దూరం మొత్తం, ఆ టైములోనే పరుగెత్తడానికి చూడండి. సగంలో కడుపులో పట్టేస్తుంది, మోకాలు పీకుతుంది. మూడు వారాలు మంచం మీద ఉండవచ్చు, డాక్టర్ చీటీ కూడా వస్తుంది. ఈ వారం ఒక రౌండు నడక, వచ్చే వారం ఒక రౌండు పరుగు, ఆపై వారం రెండు అని పెంచుకుంటూ పోయేవాళ్లు అక్కడే కనబడతారు. తెల్లారకముందే వస్తారు, ఎవరితోనూ మాట్లాడరు. వాళ్ల పక్కన పరుగెత్తకండి, అలవాటవుతుంది.

10. “నా బుర్ర ఇంతే” అని నమ్మండి.

కరోల్ డ్వెక్ అనే ఆవిడ 2006లో ఒక పుస్తకం రాసింది. తెలివి పుట్టుకతో గీసిన గీత కాదని, అభ్యాసంతో పెరుగుతుందని నమ్మేవాళ్లు ఓడినా మళ్లీ లేస్తారని అందులో ఉంది. అంత శ్రమ మనకెందుకు? మాక్ టెస్టులో 150కి 48 వచ్చాయంటే, ఏ ప్రశ్నలు పోయాయో చూసుకోకండి. “మా ఇంట్ల ఎవ్వరికీ లెక్కలు రావు” అనండి. తాత మీద వేసేయండి. తాత వచ్చి కాదనడు.

11. వాయిదాలను వాడుకోండి.

ఈ విషయంలో మన తరం అదృష్టం మామూలుది కాదు. గ్రూప్-2 సంగతి చూడండి. 783 పోస్టులకు 2022 డిసెంబర్‌లో నోటిఫికేషన్ వచ్చింది. పరీక్ష 2023 ఆగస్టు 29, 30 అన్నారు. తర్వాత నవంబర్ 2, 3 అన్నారు. తర్వాత 2024 జనవరి 6, 7. తర్వాత ఆగస్టు 7, 8. చివరికి 2024 డిసెంబర్ 15, 16 తేదీల్లో జరిగింది. గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబర్ 16న పెట్టి, పేపర్ లీకేజీతో రద్దు చేశారు; 2023 జూన్ 11న మళ్లీ పెడితే హైకోర్టు రద్దు చేసింది; చివరికి 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ ఇచ్చి 2024 జూన్ 9న పెట్టారు.

వాయిదా వార్త రాగానే చేయవలసిన పనులు వరుసగా చెబుతాను. ముందు పుస్తకం మూయండి. రూములో అందరినీ లేపండి. కిందికి దిగి చాయ్ తాగుతూ వ్యవస్థను తిట్టండి. తిట్టడానికి కారణాలున్నాయి, వయసూ డబ్బూ కరిగిపోయిన పిల్లల కోపం న్యాయమైనదే. ఆ న్యాయమైన కోపం మీద వీలైనంత కాలం గడపండి. వారం పది రోజులు తిట్టాక ఊరికి పోండి. కొత్త తేదీ ప్రకటించాక రండి. వచ్చాక “ఇదీ జరగదు, చూస్తుండు” అని పందెం కాయండి. నాలుగుసార్లు మీరే గెలుస్తారు. అయిదోసారి పరీక్ష జరుగుతుంది, దానికి ఎవరేం చేయగలరు?

ఒక లెక్క మాత్రం వేయకండి. మొదట చెప్పిన ఆగస్టు 29కీ, చివరికి జరిగిన డిసెంబర్ 15కీ మధ్య 474 రోజులున్నాయి. రోజుకు ఆరు పేజీలు చదివే అమాయకుడికి అవి 2,844 పేజీలవుతాయి. మనతోపాటే చాయ్ తాగి, మనతోపాటే తిట్టి, సాయంత్రం చడీచప్పుడు లేకుండా ఆరు పేజీలు తిప్పినవాళ్లు మన రూముల్లోనే ఉన్నారు. తేదీ కమిషన్ చేతిలో ఉన్నా పేజీ తమ చేతిలో ఉందనుకోవడమే వాళ్ల బలహీనత.

12. స్టడీ హాల్లో సీటు తీసుకోండి.

నెల డబ్బు కట్టి, కుర్చీ మీద బ్యాగు పెట్టి, బల్ల మీద వాటర్ బాటిల్ పెట్టి బయటికి రండి. బ్యాగు కూర్చున్నంతసేపూ మీరు కూర్చున్నట్టే. సాయంత్రం పోయి తెచ్చుకోండి.

13. ఇంటికి ఫోన్ చేసేటప్పుడు మాటలు సిద్ధంగా ఉంచుకోండి.

“బిడ్డా, ఎట్ల చదువుతున్నవ్?”

“మంచిగనే నాయినా. రివిజన్ నడుస్తుంది.”

రివిజన్ అన్న మాట మరువకండి. మొదటిసారి ఎప్పుడు చదివావని ఏ తండ్రీ అడగడు.

“పరీక్షెప్పుడు?”

“కోర్టుల ఉంది నాయినా.”

ఇది నిజమయ్యే రోజులు కూడా ఉంటాయి, అప్పుడు గొంతు పెంచి చెప్పండి.

“మన ఎన్కింటి పిలగానికి నౌకరొచ్చిందట గదా?”

“వానిది వేరే జోన్ నాయినా.”

జోన్ అంటే ఏమిటో ఊళ్లో ఎవరికీ సరిగా తెలియదు. తెలిసినవాళ్లు ఎదురైతే మల్టీజోన్ అనండి.

డబ్బు అడగడానికి ఒక పద్ధతుంది. దసరా దాటాక పత్తి అమ్ముతారు. టెస్ట్ సిరీస్ సరిగ్గా అప్పుడే మొదలవుతుందని చెప్పండి. అమ్మ మధ్యలో ఫోన్ తీసుకుని “అన్నం మంచిగ తింటున్నవా బిడ్డా, గొంతు నీరసంగుంది” అంటే, అవునమ్మా, రాత్రంతా చదువుతున్నా అనండి. ఆమె నెయ్యి డబ్బా పంపిస్తుంది. నల్గొండ బస్సులో వస్తుంది, ఎల్బీనగర్‌లో దిగేవాళ్ల దగ్గర తీసుకోవాలి. టైముకు పోవాల్సిన పని ఏడాది మొత్తంలో ఇదొక్కటే, ఆలస్యం చేయకండి.

14. వయసు గురించి దిగులు పడకండి.

యూనిఫాం లేని ఉద్యోగాలకు గరిష్ఠ వయోపరిమితిని 2022లో 34 నుంచి 44కు పెంచారు. 2024 ఫిబ్రవరిలో 46 చేశారు. ఆ లెక్కన ఇరవై రెండేళ్లకు దిల్‌సుఖ్‌నగర్ వచ్చినవాడికి ఇరవై నాలుగు జనవరి ఒకటో తేదీలు చేతిలో ఉన్నట్టు. పెళ్లి సంబంధం వస్తే “ఉద్యోగం వచ్చాకే” అనండి. ఊళ్లో దుకాణం పెట్టుకొమ్మంటే “ఉద్యోగం వచ్చాకే” అనండి. నాన్నకు మోకాళ్ల ఆపరేషన్ అంటే, పరీక్షలు కానివ్వమనండి. అందరూ ఆగుతారు. ఒక మనిషి తీర్మానం కోసం ఇంటిల్లిపాదీ ఇట్లా ఆగడం చిన్న విషయమా?

15. సీనియర్‌గా స్థిరపడండి.

ఈ చిట్కాలన్నీ తూచా తప్పకుండా పాటించినవాళ్లకు కొన్నేళ్లలో ఈ హోదా దానంతటదే వస్తుంది. మీతో వచ్చినవాళ్లంతా ఏదో ఒక జిల్లాకు పోయి ఉంటారు. మీకు మాత్రం ఏ హాస్టల్లో పప్పు చిక్కగా ఉంటుందో, ఏ కోచింగ్‌లో డెమో క్లాసులు ఎన్ని రోజులు ఊరికే వినొచ్చో, ఏ ఏడాది కటాఫ్ ఎంతో నోటికి వచ్చి ఉంటుంది. మెట్రో ఇక్కడి నుంచి అమీర్‌పేట దాకా 2018 సెప్టెంబర్‌లో మొదలైందని, అంతకుముందు బస్సులో ఎంత గోసపడ్డామో కొత్తవాళ్లకు చెప్పగలుగుతారు. సాయంత్రం పూట దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో ముందు నిలబడండి. భుజాన బ్యాగు, చేతిలో బకెట్టు, పరుపు చుట్టతో సూర్యాపేట బస్సు దిగిన పిల్లగాడు కనబడతాడు. హాస్టల్ ఎక్కడన్నా అని వాడే అడుగుతాడు. చాయ్ దుకాణం దగ్గర కూర్చోబెట్టి గంటసేపు దారి చూపించండి. “రోజుకు ఎన్ని పేజీలు చదవాలె అన్నా?” అని అడిగితే, పేజీలు లెక్కపెట్టే స్థాయి నుంచి ముందు బయటికి రమ్మని చెప్పండి. చాయ్ పైసలు వాడే ఇస్తాడు, వద్దనకండి.